ఫిలిప్పీన్స్‌లో మిషనరీగా క్రిస్మస్: సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఒక సమగ్ర మార్గదర్శి

మన ఊళ్లలో క్రిస్మస్ సందడి డిసెంబరు మొదటి వారంలో సెమీ క్రిస్మస్‌లతో మొదలై, ఇంటి ముందు స్టారు వేలాడదీయడంతో ఊపందుకొని, 31 రాత్రి ఆరాధనతో ముగుస్తుంది. ఫిలిప్పీన్స్‌లో అది సెప్టెంబరు 1వ తేదీనే మొదలవుతుంది. ఇంగ్లీషు పేరు చివర ‘బర్’ అని వచ్చే నాలుగు నెలలనూ వాళ్లు ‘బెర్ నెలలు’ అంటారు. బట్టల దుకాణాల్లోను, జీప్నీలనే ప్రయాణికుల బండ్లలోను పండుగ పాటలు వినిపించడం ఆనాటి నుంచే. కాబట్టి అక్కడ సేవకు వెళ్లే మిషనరీకి ఇంటి మీద బెంగ పుట్టించే కాలం వారమో పదిరోజులో కాదు, నాలుగు నెలలు.

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు మిషన్ సేవ చేస్తారు. అంటే ఎల్డర్ అని పిలిచే యువకుడికి రెండు క్రిస్మస్‌లు, సిస్టర్ అని పిలిచే యువతికి ఒకటో రెండో ఇంటికి దూరంగా గడవక తప్పదు. నేను ఫిలిప్పీన్స్‌లో రెండు క్రిస్మస్‌లు గడిపాను. మొదటిదాన్ని, నిజం చెప్పాలంటే, పాడు చేసుకున్నాను. పనిలో మునిగిపోతే ఇల్లు గుర్తుకు రాదని పెద్దలు చెప్పిన మాటను అక్షరాలా నమ్మి, డిసెంబరులోనూ అక్టోబరు ప్రణాళికతోనే తిరిగాను. సగం అపాయింట్‌మెంట్లు తప్పాయి, ఇంటి బెంగ రెట్టింపయింది. ఆ దేశంలో డిసెంబరులో తలుపులన్నీ తెరిచే ఉంటాయి గాని ఎవరి దగ్గరా గంట తీరిక ఉండదన్న సంగతి నాకు రెండో ఏడు గాని అర్థం కాలేదు. కింద చెప్పే దశలన్నీ ఆ ఒక్క సంగతి చుట్టూ అల్లుకున్నవే. ఇతర సంఘాల తరఫున వెళ్లేవారికి నియమాలు వేరుగా ఉన్నా, వీటిలో ఎక్కువ భాగం పనికివస్తాయి.

మొదటి దశ: సెప్టెంబరు, అక్టోబరు. ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకోండి

ఇంటి నుంచి పార్సిలు రావాలనుకుంటే అక్టోబరు మొదటి వారం దాటనివ్వకండి. డిసెంబరులో మనీలా చేరే పార్సిళ్ల రద్దీ మామూలుది కాదు. విదేశాల్లో పనిచేసే ఫిలిప్పీనోలు ఇళ్లకు పంపే ‘బాలిక్‌బాయన్’ పెట్టెలన్నీ ఆ నెలలోనే దిగుతాయి. చిరునామా విషయంలో మీ అద్దె ఇంటిని కాక మిషన్ ఆఫీసునే ఇవ్వండి. దాదాపు ఆరు వారాలకొకసారి బదిలీలు జరుగుతుంటాయి గనుక, పార్సిలు వచ్చేసరికి మీరు ఇంకో ద్వీపంలో ఉండవచ్చు. వస్తువుల విలువ 10,000 పెసోలు దాటకపోతే సాధారణంగా సుంకం ఉండదు. కాబట్టి పెట్టెపై విలువను, లోపలి వస్తువుల జాబితాను నిజాయితీగా రాయమని ఇంట్లో చెప్పండి.

ఏం పంపమనాలో కూడా మీరే చెప్పాలి. చెప్పకపోతే అమ్మలు అరిసెలు పంపుతారు. మా అమ్మ పంపిన అరిసెలు ఫిబ్రవరిలో నా చేతికి అందాయి. వాటి సంగతి ఇక్కడ రాయకపోవడమే మర్యాద. చేతిరాత ఉత్తరం, కుటుంబ ఫొటో, మీ సంఘంలోని సండే స్కూలు పిల్లలు గీసిన బొమ్మల కార్డులు, ఒక కొత్త టై లేదా చున్నీ వంటివి బరువు తక్కువ, పాడు కావు. పిల్లల కార్డులు మరో పది ఎక్కువ పంపించుకోండి. తెలుగు అక్షరాలున్న కార్డు ఫిలిప్పీనో ఇంట్లో గోడకెక్కుతుంది. ఖర్చు లేకుండా ఇవ్వగలిగిన మంచి బహుమతి అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కంపానియన్, అంటే ఇరవై నాలుగు గంటలూ మీతో ఉండే జత మిషనరీ, ఏ అమెరికన్ కుర్రాడో అయితే అతనికి మూడు పెట్టెలు రావచ్చు. మారుమూల పల్లె నుంచి వచ్చిన ఫిలిప్పీనో అయితే ఒక్కటీ రాకపోవచ్చు. నా రెండో క్రిస్మస్‌లో నా కంపానియన్‌కు ఏ పార్సిలూ రాలేదు. మా ఇంట్లో ముందే తెలుసుకొని అతని పేర కూడా ఒక చిన్న పొట్లం పంపారు. పెట్టెలో ఇద్దరి పేర్లూ ఉండేటట్లు ఇంటివాళ్లకు సెప్టెంబరులోనే చెప్పిపెట్టడం తేలిక. డిసెంబరు 24న అతని ఎదుట ఒంటరిగా పెట్టె విప్పడం చాలా కష్టం.

రెండో దశ: నవంబరు. పండుగ మాటలు నేర్చుకోండి

మీరు నేర్చుకున్న భాష ఏదో చూసుకొని పండుగ మాటలు సిద్ధం చేసుకోవాలి. తగలోగ్ ప్రాంతంలో ‘మలిగాయాంగ్ పస్కో’ అంటారు, సెబు వైపు ‘మాయోంగ్ పస్కో’, ఉత్తరాన ఇలోకానోలో ‘నయింబాగ్ అ పస్కువ’. సెబువానో మాట్లాడేవాళ్ల ఇంట తగలోగ్‌లో శుభాకాంక్షలు చెబితే అర్థమవుతుంది గాని, వరంగల్ వెళ్లి పలకరింపు ఇంకో భాషలో చెప్పినట్లుంటుంది. గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టకుండా ‘తావో పో’ అని పిలవడం, వాక్యం చివర ‘పో’ చేర్చడం, పెద్దల చేతిని నుదుటికి తాకించుకొనే ‘మానో’ అనే మర్యాద మీకు అప్పటికే తెలిసి ఉంటాయి. మన ‘అండీ’కి, పాదాభివందనానికి అవి దగ్గరి చుట్టాలు గనుక తెలుగువాళ్లకు ఇవి తొందరగా పట్టుబడతాయి.

స్థానిక భాషలో రెండు క్యారల్స్ కంఠతా పట్టండి, రెండు చాలు. డిసెంబరు మధ్య నుంచి పిల్లలు సీసా మూతలు చదునుచేసి తీగకు గుచ్చిన తాళాలతో, డబ్బాల డోళ్లతో ఇంటింటికీ వచ్చి పాడి, ‘నమమస్కో పో’ అంటూ నాణేల కోసం నిలబడతారు. ఒక డబ్బాలో చిల్లర పోగుచేసి పెట్టుకోండి. చిల్లర అయిపోతే ‘పతవాద్’ అంటే, అంటే మన్నించమంటే, పిల్లలు నొచ్చుకోకుండా పక్కింటికి వెళతారు. తలుపు వేసుకొని లోపల ఎవరూ లేనట్లు నటించడం మాత్రం వద్దు. ఆ వీధిలో రేపు మీరు ‘తావో పో’ అని పిలవాల్సినవాళ్లే వాళ్లంతా.

మూడో దశ: డిసెంబరు ప్రణాళికను పాఠాల నుంచి పలకరింపులకు మార్చండి

ఈ దశే అన్నిటికన్నా ముఖ్యమైనది. ఫిలిప్పీన్స్‌లో 1975 నాటి అధ్యక్ష ఆదేశం 851 ప్రకారం ప్రైవేటు ఉద్యోగులకు పదమూడో నెల జీతం ఇవ్వాలి, అది కూడా డిసెంబరు 24లోగా. ఆ డబ్బు చేతికి వచ్చిన రోజు నుంచి బజార్లు నిండిపోతాయి, మనీలా రోడ్లు స్తంభించిపోతాయి. ఆఫీసుల్లో ‘మొనితో మొనిత’ పేరుతో చీటీలు తీసి బహుమతులు ఇచ్చిపుచ్చుకుంటారు, పాత బడి స్నేహితులు కలుసుకుంటారు, దుబాయి నుంచో హాంకాంగ్ నుంచో కొడుకో కూతురో ఇంటికి వస్తారు. అలాంటి ఇంట గురువారం సాయంత్రం నలభై అయిదు నిమిషాలు బోధ వింటారని రాసుకోవడం మీదే తప్పు. మాట ఇచ్చినవాళ్లు తప్పించుకోలేదు. పక్కింట్లో వీడియోకె, అంటే తెరమీద మాటలు చూస్తూ పాటలు, పాడుతున్నారు, వెళ్లి చూడండి, మిమ్మల్నీ మైకు పట్టుకోమంటారు.

అందుకని డిసెంబరు 10 తర్వాత రోజుకు రెండుకు మించి పాఠాలు పెట్టుకోకుండా, మిగిలిన గంటలను పది పదిహేను నిమిషాల పలకరింపులకు కేటాయించండి. వెళ్లి, లూకా రెండో అధ్యాయం నుంచి కొన్ని వచనాలు చదివి, ఒక పాట పాడి, ప్రార్థించి, లేచి రావాలి. కూర్చోమన్నా లేవాలి, త్వరగా లేచే అతిథిని మళ్లీ పిలుస్తారు. చాలాకాలంగా ఆరాధనకు రాని సభ్యుల జాబితాను స్థానిక సంఘ పెద్ద అయిన బిషప్ నుంచో, చిన్న సంఘమైతే బ్రాంచి అధ్యక్షుడి నుంచో నవంబరులోనే తీసుకొని, ఈ పలకరింపుల్లో సగం వారికే కేటాయించండి. ఏడాదంతా తలుపు తీయనివాళ్లు డిసెంబరులో తీస్తారు, ఆ నెలలో అతిథిని పంపివేయడం అక్కడ తప్పు గనుక.

ఇంకొక మేలు కూడా ఉంది: కుటుంబమంతా ఒకచోట దొరుకుతుంది. తెలుగు నేలపై మా సంఘం మొదలైనది కూడా ఇలాంటి డిసెంబరులోనే. సమోవాలో సంఘంలో చేరిన హైదరాబాదు దంపతులు ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు 1978 డిసెంబరులో మిషనరీలుగా తమ సొంత బంధువుల దగ్గరకు వచ్చారు. ఆ కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా బాప్తిస్మం పొందారు. ముప్పై నాలుగేళ్లకు, 2012లో, భారతదేశంలో మొదటి స్టేకు, అంటే అనేక స్థానిక సంఘాల సమూహం, హైదరాబాదులోనే ఏర్పడింది. అయినా ఈ ఉదాహరణను చూపి డిసెంబరులో బాప్తిస్మాల లెక్క పెంచాలని ఎవరైనా మిమ్మల్ని తొందరపెడితే, వాళ్లు తమ బంధువుల దగ్గరకు వెళ్లారని, మీరు అపరిచితుల దగ్గరకు వెళుతున్నారని గుర్తుచేయండి.

నాలుగో దశ: డిసెంబరు 16 నుంచి 24 వరకు. తెల్లవారుజాము గంటలు

ఆ దేశంలో ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు కాథలిక్కులు. డిసెంబరు 16 నుంచి తొమ్మిది రోజులు, చీకటితోనే, మూడు నుంచి అయిదు గంటల మధ్య, ‘సింబాంగ్ గబి’ అనే పూజలు జరుగుతాయి. పొలం పనులకు వెళ్లే రైతులు ముందుగా గుడికి వెళ్లగలగాలని స్పెయిన్ పాలనకాలంలో ఆ వేళ ఏర్పడింది. తిరుప్పావై నెలలో తెల్లవారుజామున మేలుకొన్న ఊరిలో పెరిగినవారికి ఆ గంటలు, మైకులు కొత్తగా అనిపించవు. ఆరున్నరకు లేచే నియమం ఉన్న మిషనరీకి మాత్రం నిద్ర చెడుతుంది. చెవుల్లో దూది పెట్టుకోవడమో, మిషన్ ప్రెసిడెంట్ అనుమతితో ఆ వారంలో ఒక గంట ముందు పడుకోవడమో చేయండి గాని, పగలంతా చిరాకుతో తిరగకండి.

ఆ పూజల నుంచి బయటకు వచ్చేవారికి గుడి మెట్ల దగ్గర కరపత్రాలు పంచవద్దు. ఇది నియమం కన్నా ముందు మర్యాద. మన గుడి ఉత్సవంలో వేరేవాళ్లు అలా చేస్తే మన పెద్దలకు ఎలా ఉంటుందో ఆలోచిస్తే చాలు. గుడి బయట అమ్మే బిబింకా కొనుక్కుని తినడానికి మాత్రం ఏ అభ్యంతరమూ ఉండనక్కరలేదు. అరిటాకు పరిచిన పాత్రలో బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి పోసి, కింద బొగ్గులు, పైన మూతమీద బొగ్గులు వేసి కాలుస్తారు. మా నానమ్మ దిబ్బరొట్టె కాల్చిన పద్ధతి అచ్చం అదే. మొదటిసారి దాని వాసన తగిలినప్పుడు ఏడుపు వచ్చింది. రెండో ఏడు ఆ అంగడి ఆవిడతో స్నేహం కుదిరింది.

అయిదో దశ: భోజనాలు, పానీయాలు

‘కయిన్ తాయో’ అంటే ‘తిందాం రండి’ అని. దారిన పోయేవారిని కూడా అలా పిలుస్తారు. మన ‘భోంచేసి వెళ్లండి’ లాగా అది కొంత మాట, కొంత పిలుపు. మొదటిసారికి నవ్వి కృతజ్ఞత చెప్పండి, రెండోసారి పిలిస్తే కూర్చోండి. పండుగ రోజుల్లో పళ్లెంలో పంది మాంసం తప్పదు: నిప్పుల మీద తిప్పి కాల్చిన లెచోన్, రక్తంతో వండిన దినుగువాన్. మా సంఘంలో మాంసం విషయంలో నిషేధం లేదు, కాని తెలుగు ఇళ్లలో పంది, గొడ్డు మాంసం తినకుండా పెరిగినవారు చాలామంది. తినలేకపోతే ముందురోజే ఇంటావిడతో చెప్పండి. వడ్డించాక చెబితే ఆమె మనసు కష్టపడుతుంది. ముందు చెబితే చేప వేయిస్తుంది, ఎంతో సంతోషంగా వేయిస్తుంది.

కాఫీ, టీ, మద్యం మాకు నిషిద్ధం. కాఫీ బదులు అల్లంతో కాచే సలబాత్ అడగండి, దాదాపు ప్రతి ఇంటా ఉంటుంది. కొబ్బరి కల్లును బట్టీపట్టిన లంబనోగ్‌ను ఒకే గ్లాసులో వంతులవారీగా తాగుతూ మీ వంతు వచ్చినప్పుడు మీ చేతికి ఇస్తే, గ్లాసును అందుకొని పక్కవారికి మర్యాదగా అందించి, చీకటి పడకముందే సెలవు తీసుకోవడం మేలు. తాగినవారి మధ్య బోధ చేయడం ఎవరికీ ఉపయోగపడదు.

ఆరో దశ: 24 రాత్రి, 25 పగలు

24 అర్ధరాత్రి ‘నోచె బుయెనా’ విందు జరుగుతుంది. ఆ వేళకు మిషనరీలు తమ ఇంట్లో ఉండాలి. సంఘ కుటుంబాలు మిమ్మల్ని సాయంత్రమే పిలుస్తాయి. ఒకే సాయంత్రం నాలుగిళ్ల పిలుపులు వస్తే, ఎవరూ పిలవని ఇల్లు ఏదో కనుక్కొని, ఒంటరిగా ఉండే వృద్ధురాలికో, భర్త విదేశాల్లో ఉన్న తల్లీపిల్లలకో ఒక గంట ఉంచండి.

మీకు ఇంటి బెంగ పుట్టేది పండుగ రోజు కాదు, ఈ రాత్రే. వీధంతా వెలుగుతుంది, పక్కింటి పాటలు వినిపిస్తాయి, మీ ఇద్దరికీ పని ఉండదు. కాబట్టి పని పెట్టుకోండి. వెదురు పుల్లలు, రంగు కాగితాలతో ‘పరోల్’ అనే నక్షత్ర దీపం చేయడం నేర్చుకుని, దాన్ని ఈ రాత్రికి మిగుల్చుకోండి. ఇంటి ముందు స్టారు కట్టిన చేతులకు అది పావుగంటలో వస్తుంది. మీ ఇంట్లో పండుగ ముందు రాత్రి ఏం చేసేవారో మీరు చెప్పండి, కంపానియన్‌ను చెప్పమనండి. తల్చుకోకుండా ఉండడం కన్నా గట్టిగా చెప్పుకోవడమే మేలు చేసిందని నా అనుభవం.

ఇంటికి ఫోను విషయం. 2019 ఫిబ్రవరికి ముందు మిషనరీలు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, మాతృదినానికి, ఇంటికి ఫోను చేసేవారు. ఇప్పుడు వారానికొకసారి ప్రిపరేషన్ డే నాడు, అంటే సొంత పనులకు కేటాయించిన రోజున, మాట్లాడవచ్చు, క్రిస్మస్‌కు అదనంగా కూడా. మనీలా సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందు. తెలుగు ఇంట్లో క్రిస్మస్ ఉదయం అందరూ మందిరంలో ఉంటారు, మధ్యాహ్నం చుట్టాలతో భోజనాలు. అక్కడి సాయంత్రం ఆరున్నర అంటే ఇక్కడ నాలుగు. ఇల్లు కాస్త సద్దుమణిగే వేళ అదే. సమయాన్ని వారం ముందే ఖాయం చేసుకోండి, ఆ రాత్రి నెట్‌వర్క్ మొండికేస్తుంది గనుక ఇంకో వేళ కూడా అనుకోండి. ముందు అమ్మానాన్నలతో, తర్వాత మిగతావారితో మాట్లాడండి. ఇరవై మంది ఒక్కసారి తెర ముందుకు వస్తే ఎవరితోనూ మాట్లాడినట్లుండదు. కంపానియన్‌ను రెండు నిమిషాలు చూపించండి. మాట ముగిశాక గదిలో కూర్చోవద్దు. ఫోను పెట్టేసిన పది నిమిషాలకు ఎక్కడో ఒకచోట మీరిద్దరూ ఉండాలని ముందే ఏర్పాటు చేసుకోండి.

25వ తేదీ పగలు సేవకు మంచి రోజు. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాల్లో పాడటానికి ముందు అనుమతి తీసుకోవాలి. సంఘం 2016 నుంచి ప్రతి డిసెంబరులో ‘లైట్ ద వరల్డ్’ పేరిట రోజుకొక సేవ చేయమని సభ్యులను ప్రోత్సహిస్తోంది. మీ బ్రాంచి ఏం తలపెట్టిందో చూసి అందులో చేరిపోండి, మీ సొంత కార్యక్రమం వేరే పెట్టకండి. డబ్బు సహాయం మీ చేతి మీదుగా ఇవ్వవద్దు. అవసరం కనిపించిన ఇంటి సంగతి బిషప్‌కు చెప్పడమే మీ పని.

ఏడో దశ: 26 నుంచి 1 వరకు. టపాకాయలు, తుఫానులు

26న ఊరు పడుకుంటుంది. పాఠాలు జరగవు, పిలుపులు ఆగుతాయి. ఇల్లు శుభ్రం చేయడం, ఉత్తరాలు, కృతజ్ఞత కార్డులు ఈ మూడు రోజులకు దాచుకోండి.

31 రాత్రి మన దీపావళికి నాలుగింతలు. దురదృష్టాన్ని తరమడానికి టపాకాయలు, మోటారుసైకిలు హారన్లు, గిన్నెల మోతలు. శుభం కోసం గుండ్రటి చుక్కల బట్టలు, బల్లమీద పన్నెండు రకాల గుండ్రటి పండ్లు. 2017లో అధ్యక్ష ఆదేశం ద్వారా టపాకాయలను నిర్ణీత స్థలాలకు పరిమితం చేసినా వీధులు ఆగలేదు; ప్రతి ఏటా చేతివేళ్లు పోగొట్టుకొన్నవారు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. సాయంత్రానికల్లా ఇంటికి చేరండి, కిటికీలు మూయండి, డాబా ఎక్కవద్దు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం తుఫాను. క్రిస్మస్ నాటికి వానలు వెళ్లిపోయాయనుకుంటారు. 2011 డిసెంబరు 16 రాత్రి సెండాంగ్ తుఫాను కగాయాన్ డి ఓరో, ఇలిగాన్ నగరాలను నిద్రలో ముంచింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. సరిగ్గా పదేళ్లకు, 2021లో అదే తేదీన ఓడెట్ తుఫాను సియార్గావ్ ద్వీపం మీద విరుచుకుపడి సెబు, బొహోల్ దాకా ఊళ్లను ఊడ్చేసింది. కాబట్టి మూడు రోజుల నీళ్లు, టార్చి, నిండా చార్జి ఉన్న పవర్ బ్యాంకు, పాస్‌పోర్టు నకలు ఉన్న సంచి నవంబరులోనే సిద్ధం కావాలి. వాతావరణ సంస్థ పగాసా గాలి తీవ్రతను 1 నుంచి 5 వరకు సంకేతాలతో చెబుతుంది. ఏ సంకేతానికి ఎక్కడికి వెళ్లాలో మిషన్ నాయకుల నుంచి ముందే రాసి పెట్టుకోండి. తుఫాను వచ్చి వెళ్లాక పండుగ ప్రణాళికలన్నీ పక్కన పెట్టి, సంఘం ఇచ్చే పసుపు వెస్టు తొడుక్కొని బురద ఎత్తడమే ఆ ఏటి క్రిస్మస్.

ఎనిమిదో దశ: జనవరి

జనవరి రెండో వారానికి పదమూడో జీతం ఖర్చయిపోయి ఉంటుంది, విదేశాల నుంచి వచ్చినవాళ్లు విమానం ఎక్కేసి ఉంటారు. డిసెంబరులో మీరు పదిహేను నిమిషాలు కూర్చున్న ఇళ్లకు ఇప్పుడు మళ్లీ వెళ్లాలి. ఇప్పుడు వాళ్లకు తీరిక ఉంటుంది, పైగా మీరు అపరిచితులు కారు. డిసెంబరు పలకరింపుల్లో ఒక్కొక్క ఇంటి గురించి ఒక వాక్యం, కూతురు ఏ దేశంలో ఉంది, తాతకు మోకాళ్ల నొప్పులా, పుస్తకంలో రాసిపెట్టుకొని ఉంటే ఈ పని సగం అయినట్లే.

మీకు కూరలు కట్టి ఇచ్చిన డబ్బాలు కూడా వంటగదిలో పేరుకొని ఉంటాయి. వాటిని ఖాళీగా తిరిగి ఇవ్వకండి. మన ఇళ్లలోనూ ఆ అలవాటు లేదు కదా. వాళ్ల కలమన్సి కాయ మన నిమ్మకాయ చేసే పనంతా చేస్తుంది, పచ్చి పసుపు కొమ్ములు అక్కడి సంతల్లో ‘లుయాంగ్ దిలావ్’ పేరుతో దొరుకుతాయి, వేరుశనగలకు లోటు లేదు. ఆవాలు మనీలాలోని భారతీయ సరుకుల కొట్లలో ఉంటాయి, పల్లెల్లో దొరక్కపోతే దంచిన వెల్లుల్లి వేయించండి. అన్నం పొడిపొడిగా వండి, పులిహోర కలిపి, డబ్బా నింపి, గుమ్మం ముందు నిలబడి ‘తావో పో’ అని పిలవండి.